మేస్త్రికి మధ్యాహ్నం క్యారేజీ

ఫోన్ మోగినప్పుడు మా ఆయనా నేనూ దుప్పటి మడతపెడుతున్నాం. ఆ రెండు కొసలు ఆయన చేతుల్లో, ఈ రెండు కొసలు నా చేతుల్లో. దుప్పటి మడతపెట్టడంలో ఇంత సుఖం ఉంటుందని పెళ్ళయ్యేదాకా నాకెవరూ చెప్పలేదు. మడత మడతకీ ఇద్దరూ ఒకరికొకరు ఎదురు రావాలి. చివరి మడతకి ఆయన వేళ్ళలోంచి దుప్పటి నా వేళ్ళలోకి మారాలి. అందుకని ఆ రోజుల్లో మా ఇంట్లో మాయని దుప్పట్లు కూడా ఉతుక్కి వెళ్ళేవి. అత్తయ్య చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఫోన్ చేసింది పెద్దక్క. ఆవిడ మాకు చుట్టం కాదు. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళని తన దగ్గర ఉంచుకుని చూసుకునే ఇల్లొకటి ఊరి చివర నడుపుతుంది. అక్కడ ఉండేవాళ్ళూ, పనిచేసేవాళ్ళూ, కూరగాయలు తెచ్చేవాడూ అందరూ ఆవిడని పెద్దక్క అనే అంటారు. గది ఒకటి ఖాళీ అయిందనీ, మామయ్యని ఎల్లుండి తీసుకురావచ్చనీ చెప్పింది. మా పెళ్ళికి ముందునుంచీ ఇంట్లో ఎదురుచూస్తున్న మాట అది. మా ఆయన దుప్పటి వదిలేశారు. నేను నా రెండు కొసలూ పట్టుకుని అలాగే నిలబడి, ఆయన ముఖం వెలగడం చూసి, గట్టిగా నవ్వేశాను.

చెబుదామని వంటింట్లోకి వెళ్తే అత్తయ్య అప్పటికే వినేశారు. "మంచిదేగా" అని, గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉన్నారు. నేను తొంగి చూశాను. గిన్నెలో ఏమీ లేదు. పొయ్యి కూడా వెలిగించలేదు.

మామయ్య ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రి. పేరు పెట్టి పిలిస్తే పలకరు గానీ, మేస్త్రీ అంటే ఇప్పటికీ వెనక్కి తిరుగుతారు. మా పెళ్ళిలో ఆయన నన్ను ఒక్కసారి చూసి, హాలు గోడల్ని మాత్రం చాలాసేపు చూశారు. మొదటి కోటు ఆరకుండానే రెండో కోటు వేసేశారని మా నాన్న దగ్గర బాధపడ్డారు. ఆ హాలు అద్దెకి తీసుకున్నందుకు మా నాన్న పాపం క్షమించమని అడిగారు.

పగళ్ళు ఎలాగో గడిచేవి. రాత్రయితే ఆయనకి పనికి వేళయ్యేది. వీధి తలుపు గొళ్ళెం తీసి వెళ్ళిపోయేవారు. అందుకని అత్తయ్య ఏళ్ళ తరబడి వీధి తలుపుకి అడ్డంగా పడుకున్నారు. పడుకున్నారు అనడమే గానీ నిద్రపోయింది లేదు, చెవి గొళ్ళెం మీదే ఉండేది. చివరికి డాక్టరమ్మ మామయ్యని పరీక్షచేసి, పక్కన కూర్చున్న అత్తయ్యని చూసి, ముందు మందు రాసింది అత్తయ్యకట. ఇలాగే సాగితే ఆయనకంటే ముందు మీరు పడిపోతారని ముఖం మీదే చెప్పిందట.

పెద్దక్క ఇల్లు ఒక అంతస్తుదే. చుట్టూ వరండా. అక్కడ ఎవరినీ ఊరికే కూర్చోబెట్టరు. ఎవరు ఏ పని చేసి బతికారో ఆ పని ఇంకా ఉన్నట్టే ఉంటుంది. టీచరమ్మ ఒకావిడ పొద్దున్నే అందరికీ హాజరు వేస్తుంది, పలకకపోతే నిలబెడుతుంది. బస్సు కండక్టరుగా చేసినాయన కాగితాలు చింపి టిక్కెట్లు ఇస్తుంటారు. మామయ్యకి పెద్దక్క ఒక బకెట్టు నిండా నీళ్ళూ, వెడల్పాటి బ్రష్షూ ఇచ్చి పడమటి వరండా గోడ చూపించింది. ఎండాకాలం. నీళ్ళు పూసినచోట గోడ ముదురు రంగుకి తిరుగుతుంది. ఆ కొసకి వెళ్ళేసరికి ఈ కొస ఆరిపోయి మళ్ళీ పని అడుగుతుంది.

మామయ్య ముందు అరచేత్తో గోడ తడిమారు. తర్వాత వేలితో కొట్టి చూశారు.

"రంగుకి ముందు ఈ లప్పం ఎవరు పట్టారు?"

"మీకు ముందొచ్చిన మేస్త్రి" అంది పెద్దక్క.

"చెయ్యి తిరగనివాడు" అన్నారు మామయ్య. చొక్కా చేతులు మడిచారు. నావైపు తిరిగి, ఏ రంగు వేయమంటారు ఓనరమ్మా అని అడిగారు. నేను కోడలినని ఆయనకి ఎప్పుడూ గుర్తు నిలవలేదు. ఇల్లు గలావిడనని మాత్రం ఆ క్షణంలో నిలిచిపోయింది. నేను లేత నీలం అన్నాను. నీలం పగలు బాగుంటుందనీ, సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా నీరసంగా కనిపిస్తుందనీ, కాబట్టి వెన్న రంగు వేయించుకోమనీ చెప్పి, నేను ఒప్పుకున్నానో లేదో చూడకుండా బ్రష్షు ముంచారు.

మమ్మల్ని పక్కకి తీసుకెళ్ళి పెద్దక్క ఒక మాట చెప్పింది. ఆవిడ పగలు గేటుకి తాళం వేయదు. తాళం వేస్తే ఇది ఇల్లెందుకవుతుంది అంటుంది. గేటు దగ్గర ఒకామె కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, అంతే. "ఎండలు తగ్గేదాకా చూద్దాం. ఈయన కుదురుకుంటే ఆ గది ఈయనదే. కుదురుకోకపోతే మాత్రం నేను ఉంచుకోలేను. ఒకళ్ళు వెళ్ళిపోతానంటే అందరూ వెళ్ళిపోతామంటారు." అత్తయ్య తలూపారు. ఉంచుకోకపోతే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. మళ్ళీ ఆ తలుపు, ఆ గొళ్ళెం, మధ్యలో అత్తయ్య.

నేను చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతాను కాబట్టి ఎండాకాలమంతా నాకు సెలవులు. మా ఆయన మందుల ఫ్యాక్టరీ నుంచి సాయంత్రానికి గానీ రారు. అందుకని సాయంత్రాలు వెళ్దామని అనుకున్నాం. చల్లబడ్డాక ముగ్గురం తయారయ్యేవాళ్ళం. అత్తయ్యని తయారుచేసే పని నాది. జడ నేనే వేసేదాన్ని, మంచి బట్టలు తీసి ఇచ్చేదాన్ని, చేతికి నా సంచీ తగిలించేదాన్ని. వద్దు పిల్లా, ఈ వయసులో ఇదేం సింగారం అంటూనే అద్దంలో ఒకసారి పక్కకి తిరిగి చూసుకునేవారు. నాకది ఎంత ముద్దుగా ఉండేదో చెప్పలేను. ఇంట్లో కొత్త పెళ్ళికూతుళ్ళు ఇద్దరున్నారని మా ఆయన అంటే, నోర్ముయ్యరా అనేవారు.

అంత సింగారించుకుని వెళ్తే, అక్కడ జరిగేది రోజూ ఒకటే. వరండా మెట్ల దగ్గర అత్తయ్య కనిపించగానే మామయ్య బ్రష్షు పిండి, బకెట్టు ఒంపేసి, "పద" అనేవారు. నేరుగా గేటు దగ్గరికి నడిచేవారు. ఆయన వెనక టీచరమ్మ బయల్దేరేది, బడి వదిలారనుకుని. టీచరమ్మ వెనక కండక్టరుగారు వచ్చి, చేతికి దొరికిన కాగితం చింపి అందరికీ టిక్కెట్లు ఇచ్చేవారు. గేటు దగ్గర ఒక బస్సుకి సరిపడా జనం పోగయ్యేవారు. మొదటిరోజు నవ్వుకున్నాం. మామయ్య గేటమ్మ చెయ్యి విదిలించికొట్టి, నా పెళ్ళాం వచ్చింది, నన్ను పోనివ్వరేం అని అడిగిన రోజున ఎవరికీ నవ్వు రాలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

కొన్నాళ్ళు మీరు రాకుండా ఉంటే మంచిదేమోనని పెద్దక్క మెల్లగా అంది. ఇంటికొచ్చాక అత్తయ్య జడ తనే విప్పేసుకుని, "నేను కనపడకపోవడమే ఆయనకి మందు అన్నమాట" అన్నారు.

వెళ్ళడం మానేశాం. గేటు దగ్గర గొడవ మానలేదు గానీ కొంచెం తగ్గింది. ఇంకొకటి మొదలైంది. మామయ్య భోజనం చేయడం లేదు.

ఆ మాట చెప్పడానికి పెద్దక్క ఫోన్ చేసినప్పుడు అత్తయ్య మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. నేను ఫోన్ పెద్దగా పెట్టి ఆవిడ పక్కన నిలబడ్డాను. బల్ల దగ్గర కూర్చోమంటే కూర్చోవడం లేదట. ఓనర్ల బల్ల దగ్గర మేం కూర్చోకూడదండీ అంటారట. పళ్ళెం చేతికిస్తే వరండాలోకి తెచ్చుకుని, గోడవార పెట్టి, పైన మూత పెట్టి, వీధివైపు చూస్తూ కూర్చుంటారట. ఎంతసేపు కూర్చున్నా తినరట. చిక్కిపోతున్నారట. ఇలాగైతే తీసుకెళ్ళిపోవడమే మంచిదంది.

"వీధివైపు చూస్తాడా? మధ్యాహ్నమా?" అని అడిగారు అత్తయ్య.

అవును, మధ్యాహ్నమే అంది పెద్దక్క.

నీళ్ళ డబ్బా ఒంగి, నీళ్ళు మొక్క మీద కాకుండా అత్తయ్య పాదాల మీద పడుతున్నాయి. ఆవిడ చూసుకోవడం లేదు.

"క్యారేజీ కోసం చూస్తున్నాడు" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఊళ్ళో పనైతే మధ్యాహ్నం క్యారేజీ ఆవిడే మోసుకెళ్ళేవారట. ఆయన గోడవార కూర్చుని తినేవారు, ఈవిడ ఖాళీ క్యారేజీ తీసుకుని వచ్చేసేవారు. ఆయన పని ఎప్పుడు వదిలితే అప్పుడు వచ్చేవారు. పరాయి ఊళ్ళో పనైతే ఆ ఇంట్లోనే రోజులకి రోజులు పడుకునేవారు, ఇంటి ధ్యాసే ఉండేది కాదు.

"మరి సాయంత్రాలు?" అన్నాను.

"సాయంత్రం వెళ్ళేది ఒక్కరోజే. పని ఆఖరి రోజు. నేల మీద పడ్డ రంగు చుక్కలు గీకి కడగాలిగా. అది ఆడవాళ్ళ పని. కడిగి, బ్రష్షులు మూటకట్టి, ఇద్దరం కలిసి ఇంటికొచ్చేవాళ్ళం." అత్తయ్య మెట్టు మీద కూర్చున్నారు. "మనం రోజూ సాయంత్రం ముస్తాబై వెళ్ళి, పనైపోయింది రమ్మని చెప్పొస్తున్నాం పిల్లా. రాక ఏం చేస్తాడు?"

మర్నాడు ఆవిడ నన్ను జడ వేయనివ్వలేదు. ముడి చుట్టేసుకున్నారు. ఎన్నిసార్లు ఉతికారో తెలియని నూలు బట్టలు కట్టుకున్నారు. నా సంచీ నాకే తిరిగిచ్చారు. అటక మీద పాత క్యారేజీ నేను దించాను. గిన్నెల అంచుల్లో ఎప్పటివో రంగు మరకలు, ఎంత తోమినా పోనివి. ఒకటి నీలం. చూశావా, నువ్వు చెప్పిన రంగే, ఎవరో నీలాంటి ఓనరమ్మ వేయించుకుని ఉంటుంది అన్నారు అత్తయ్య. చాలా రోజుల తర్వాత ఆవిడ నన్ను ఆటపట్టించడం. నేను ఆ సంతోషంలో స్కూటర్‌ని రెండు గుంతల్లో దింపాను.

పెద్దక్కకి ముందే చెప్పి ఉంచాం. అత్తయ్య ఎదురు గుమ్మంలోంచి వెళ్ళలేదు. ఇంటిపక్కగా తిరిగి వరండా కింద నిలబడ్డారు. నేను ఇంట్లోంచి వచ్చి, ఇల్లు నాదే అన్నట్టు స్తంభానికి ఆనుకున్నాను.

"ఏవయ్యా, క్యారేజీ" అన్నారు అత్తయ్య.

మామయ్య బ్రష్షు బకెట్టు అంచున ఆనించారు. చేతులు కడుక్కున్నారు.

"ఆలస్యమైందే?"

"బస్సు దొరకలేదు."

గోడవార కూర్చుని తిన్నారు. మొదటి గిన్నె, రెండో గిన్నె, అడుగున ఉన్న పెరుగు, అన్నీ. మాట్లాడకుండా, పనివాళ్ళు తినే ఆకలితో. అత్తయ్య కిందిమెట్టు మీద కూర్చుని ఆ ప్రతి ముద్దనీ చూశారు. కిటికీ వెనక పెద్దక్క ఉంది. ఆవిడ కూడా చూస్తోంది. కడుపు నిండాక మామయ్యకి నేను గుర్తొచ్చాను. ఆవిడే ఓనరమ్మ, రోజుకో రంగు చెబుతుంది అని నా మీద చాడీ చెప్పారు.

అత్తయ్య నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశారు. "కొత్తగా పెళ్ళైనట్టుందిలే. కొన్నాళ్ళు అలాగే ఉంటారు." తర్వాత చాలా వినయంగా, "ఏం అమ్మగారూ, మా ఆయన పని ఎలా చేస్తున్నాడు?" అన్నారు.

మా అత్తగారు నన్ను అమ్మగారూ అనడంతో నాకు పొట్టలోంచి నవ్వు తన్నుకొస్తోంది. పెదవి కొరుక్కుని, చాలా బాగా చేస్తున్నారండీ అన్నాను.

"చేస్తాడు. పనిలో వంక పెట్టలేం. చెప్పిన మాటే వినడు" అన్నారు ఆవిడ, గోడని చూస్తూ. అప్పటికి గోడ సగం ఆరిపోయింది. ఆవిడ కళ్ళకి మాత్రం ఏదో నిజంగానే కనిపిస్తున్నట్టుంది.

మామయ్య క్యారేజీ బిగించి చేతికిచ్చారు. "ఇక్కడ పని చాలా ఉందే. ఇప్పట్లో రాలేను. నా కోసం చూడకు."

"సరే" అన్నారు అత్తయ్య.

ఆవిడ గేటువైపు నడిచారు. అలవాటు కొద్దీ గేటమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎవరూ రాలేదు. మళ్ళీ కూర్చుంది. గేటు దాటాక అత్తయ్య వెనక్కి తిరిగారు. మామయ్య ఇటు వీపు పెట్టి గోడ పైఅంచు దగ్గర చెయ్యి సాగదీస్తున్నారు. గెలిచామండీ అత్తయ్యా అన్నాను. ఊఁ అన్నారు. స్కూటర్ ఎక్కాక ఆవిడ నా నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నారు. మామూలుగా వెనక కడ్డీ పట్టుకుంటారు.

అక్కణ్ణుంచి అదే మా ఎండాకాలం. రోజూ మధ్యాహ్నం క్యారేజీ. నేను ఇల్లుగలావిడని, అత్తయ్య మేస్త్రిగారి భార్య. ఆదివారాలు మా ఆయన కూడా వచ్చేవారు. ఆయన్ని చూసి మామయ్య, రోలర్ పట్టుకోవడం కూడా రానివాణ్ణి పనిలోకి తెచ్చారని నా మీద కోప్పడేవారు. తిరిగొచ్చేటప్పుడు మా ఆయనా నేనూ ఒకే ఐస్‌క్రీమ్ కొనుక్కుని, ఎవరు ఎక్కువ తిన్నారని పోట్లాడుకునేవాళ్ళం. రెండు కొనుక్కోవచ్చని మాకు తోచేది కాదు. టీచరమ్మ నాకు కూడా హాజరు వేయడం మొదలుపెట్టింది. మామయ్య ముఖం మళ్ళీ నిండుగా అయింది. గేటు దగ్గరికి పోవడం మానేశారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బ్రష్షు కడిగి తలవైపు పెట్టుకుని, పరాయి ఊళ్ళో పనిలో ఉన్నట్టే పడుకుంటున్నారని పెద్దక్క చెప్పింది.

నిద్ర లేనిది అత్తయ్యకే. ఇంట్లో కాయడానికి మనిషే లేకపోయినా ఆవిడ ఇంకా వీధి తలుపు దగ్గరే పడుకునేవారు. లోపల పడుకోండమ్మా అని మా ఆయన బతిమాలితే, అలవాటురా అనేవారు. తెల్లారకముందే లేచి క్యారేజీకి వంట మొదలుపెట్టేవారు. నేను వండుతానంటే, రుచి మారితే కనిపెట్టేస్తాడు అనేవారు. ఒకరోజు తిరుగుదారిలో నా వీపు మీద ఏదో బరువుగా వాలింది. అత్తయ్య తల. స్కూటర్ మీద నిద్రపోతున్నారు. భయమేసి రోడ్డువార ఆపి, ఆవిడ లేచేదాకా ఆ ఎండలో అలాగే కూర్చున్నాను. లేచి, ఎందుకాపావు అని నన్నే తిట్టారు. ఆయన గండం దాటింది గానీ ఆవిడది దాటలేదని ఆ రోజు నాకర్థమైంది. డాక్టరమ్మ మాట మా ఆయనకీ నాకూ గుర్తుంది. ఆవిడ ముందు పైకి అనడానికే ధైర్యం లేదు.

ఎండలు తగ్గాయి. ఆకాశం రోజూ మధ్యాహ్నానికి మసకబారుతోంది, గోడ ఆరడానికి ఎక్కువసేపు పడుతోంది. ఆ రోజు మేం వెళ్ళేసరికి పెద్దక్క నవ్వుతూ ఎదురొచ్చి, గది ఇక మేస్త్రిగారిదే అని చెప్పింది. నేను ఆవిణ్ణి కౌగిలించుకున్నాను. అత్తయ్య క్యారేజీ సర్దుకుంటూ, చల్లారిపోతుంది పద అన్నారు.

మామయ్య తింటూ తింటూ ఆగి ఆవిడ ముఖంలోకి చూశారు.

"కళ్ళేంటే అలా ఉన్నాయి? నిద్రపోవడం లేదా?"

అత్తయ్య మెట్టు మీద ఉన్న ఒక ఎండుటాకు తీసి పక్కన పడేశారు.

"ఇంట్లో ఒకాయన ఉండేవాడు. రాత్రిళ్ళు గొళ్ళెం తీసి పోయేవాడు. కాపలా పడుకునేదాన్ని. ఇప్పుడు లేడు. అయినా చెవి అటే ఉంటోంది."

"ఎక్కడికెళ్ళాడు?"

"పనిలోకి."

మామయ్య ఆలోచించారు. ముద్ద చేతిలోనే ఉంది. "దొరికిందా పని? మంచి చోటేనా?"

"మంచి చోటే. బాగా చూసుకుంటున్నారు."

"మరి పనిలో ఉన్నవాడికి నువ్వు కాపలా ఏంటే? పిచ్చిదానా" అన్నారు మామయ్య. చాలా మెత్తగా అన్నారు. మిగిలిన ముద్ద తినేసి, చెయ్యి కడుక్కుని, వరండా పైకప్పు కేసి చూపించారు. "రేపట్నుంచి పైకప్పు. పొడుగు కర్రకి రోలర్ కట్టాలి. కింద నిలబడ్డవాళ్ళ కళ్ళలో పడుతుంది. రేపు నువ్వు రాకు. ఇంటి దగ్గర పడుకో."

"నీ భోజనం?"

"పైకప్పు రోజున భోజనం ఓనర్లే పెట్టాలి. ఎక్కడైనా అదే పద్ధతి" అన్నారు. అని నావైపు తిరిగారు, ఒప్పుకుంటానో లేదోనని కొంచెం అనుమానంగా.

పెడతాం మేస్త్రిగారూ, తప్పకుండా పెడతాం అన్నాను. కిటికీ వెనక పెద్దక్క తలూపింది.

సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి రాగానే గది సంగతి నేను ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన అమ్మ పక్కన కూర్చుని, రేపు ఏం చేద్దామమ్మా, ముగ్గురం ఎక్కడికైనా వెళ్దామా అని అడిగారు.

అత్తయ్య కాళ్ళు చాపుకున్నారు.

"మీరిద్దరూ వెళ్ళండి. రేపు ఎవరి క్యారేజీ వాళ్ళు కట్టుకోండి. పాలు వచ్చినా, ఫోన్ వచ్చినా, వాన వచ్చినా నన్ను లేపొద్దు. రేపు నేను లోపలి గదిలో ఫ్యాన్ కింద నిద్రపోతాను."